నవ్వకూడని చోట నవ్వొస్తే

(హనుమకొండలో టీచర్లు, నర్సింగ్ విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న సభలో ఒక మానసిక వైద్య నిపుణుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్లకు వినపడుతుందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంట.

ఒక ప్రశ్నతోని మొదలుపెడ్త. చావు ఇంట్ల నవ్వొచ్చినోళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నరు? చేతులెత్తమని అడుగుతలేను, మనసుల అనుకోండి చాలు. రెండు నిమిషాల మౌనం పాటించేటప్పుడు నవ్వొచ్చినోళ్లు? హెడ్మాస్టర్ తిడుతుంటే? వైవాల ఎగ్జామినర్ ముందట? వార్డుల ఒక మనిషి ఏడుస్తుంటే, పక్కన ట్రే పట్టుకొని నిలబడ్డప్పుడు? నర్సింగ్ పిల్లలు తలలు వంచుకుంటున్నరు. వంచుకోకండి. మీ కోసమే వచ్చిన.

ఆ నవ్వు వచ్చిందంటే మనిషి మంచోడు కాదని, మనసు లేనోడని అనుకుంటరు. ఊరు అనుకుంటది, ఇంట్లోళ్లు అనుకుంటరు, ఆఖరికి నవ్వినోడు కూడ తన గురించి అదే అనుకుంటడు. చావుకు పోవుడు బంద్ చేసినోళ్లున్నరు. సొంత మేనమామ దినాలకు పోకుండ ఇంట్ల కూర్చున్నోళ్లున్నరు, మళ్ల నవ్వొస్తదేమోనన్న భయానికి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ నవ్వు ఊపిరిల వచ్చే ఒక కదలిక. దానితోని మనసుల కొట్లాడితే ఓడిపోతం. ఊపిరి దగ్గర పట్టుకోవాలె. అట్ల పట్టుకోలేకపోతే, అయినంక ఎదుటి మనిషికి మాట చెప్పాలె. ఊపిరి, మాట. ఈ రెండే ఇవాళ మనం నేర్చుకుంటం.

ముందు, నవ్వు అంటే శరీరంల ఏం జరుగుతదో చూద్దాం. పక్కటెముకల నడుమ కండరాలుంటయి, కింద, ఛాతీకి పొట్టకు నడుమ, డయాఫ్రం అనే కండరపు పొర ఉంటది. మాట్లాడేటప్పుడు ఇవి ఊపిరిని నిదానంగ బయటికి వదుల్తయి. నవ్వేటప్పుడు అదే ఊపిరిని ముక్కలు ముక్కలు చేసి బయటికి తోస్తయి. హ, హ, హ. రాబర్ట్ ప్రొవైన్ అని అమెరికాల ఒక శాస్త్రవేత్త దీన్ని కొలిచిండు. ఒక్కొక్క 'హ' సెకనుల పదమూడో వంతు కూడ ఉండదు, దాదాపు 75 మిల్లీసెకన్లు. ఒక 'హ' మొదలైన 210 మిల్లీసెకన్లకు ఇంకొకటి. అంటే సెకనుకు దగ్గర దగ్గర అయిదు. మీరు కావాలని అంత సమానంగ అనలేరు. ప్రయత్నం చేసి చూడండి ఇంటికి పోయి. ఎందుకు అనలేరు? ఎందుకంటే దాన్ని నడిపేది మీరు కాదు.

మొఖానికి మెదడు నుంచి రెండు తొవ్వలు వస్తయి. ఫొటో తీస్తం నవ్వండి అంటే నవ్వేది ఒక తొవ్వ, అది మెదడు పైభాగం నుంచి, మన ఇష్టం మీద నడుస్తది. నిజమైన నవ్వు ఇంకా లోపలి నుంచి, మెదడు కాండం, అంటే మెదడును వెన్నుపాముతోని కలిపే కింది భాగం, దాని మీదుగ వస్తది. ఇవి వేరువేరని ఎట్ల తెలుసు? పక్షవాతం వచ్చిన కొందరిని చూడండి. "పళ్లు చూపించండి" అంటే మూతి ఒక దిక్కు కదలదు. అదే మనుమరాలు ఏదో మాటంటే, ఆ కదలని దిక్కే చక్కగ నవ్వుతది. వరంగల్ ఎంజీఎం దవాఖానల పనిచేసే సిస్టర్లు ఇది చూసే ఉంటరు. కాబట్టి "నవ్వొద్దు" అని పైనుంచి మనం ఇచ్చే ఆర్డరు లోపలి తొవ్వకు సరిగ్గ చేరదు. మీ సంకల్పం బలహీనమై కాదు, ఆ తీగ అక్కడిదాక పోలేదు, అంతే.

మరి దుఃఖంల నవ్వెందుకు? నవ్వు అంటే సంతోషమే కదా అంటరు. కాదు. ఇదే ప్రొవైన్, బజార్ల, కాలేజీల జనం నవ్వుతున్న 1,200 సందర్భాలు రాసుకున్నడు. అండ్ల జోకు మీద నవ్వినవి నూటికి ఇరవై కూడ లేవు. మిగతావన్నీ "సరే మరి పోయొస్త" లాంటి మామూలు మాటల తర్వాత వచ్చినవే. ఇంకొకటి చెప్త. 1961ల అమెరికాల యేల్ యూనివర్సిటీల మిల్‌గ్రామ్ అనే ఆయన ఒక ప్రయోగం పెట్టిండు. అవతలి గదిలో ఉన్న మనిషి తప్పు చెప్పినప్పుడల్ల కరెంటు షాకు ఇయ్యాలె. షాకు నిజంది కాదు, కాని ఇచ్చేటోళ్లకు ఆ సంగతి తెల్వదు. మొదటి విడతల 40 మంది మగవాళ్లు. చెమటలు పట్టినయి, వణికిన్రు, గోళ్లు అరచేతిల దిగబడ్డయి. అండ్ల 14 మందికి నవ్వొచ్చింది. ముగ్గురికి ఆపలేనంత నవ్వు, ఒళ్లంత ఊగిపోయింది. అయినంక వాళ్లు ఏమన్నరో తెలుసా? మేం క్రూరులం కాదు, మాకు సంతోషమై నవ్వలేదు అని ఒత్తి ఒత్తి చెప్పుకున్నరు. చావు ఇంట్ల నవ్వినోడు రాత్రి ఇంటికొచ్చి తనకు తాను చెప్పుకునే మాట కూడ ఇదే కదా?

మన చెరువులు చూడండి. వాన ఎక్కువ పడితే కట్ట తెగకుండ మత్తడి దుంకుతది. ఆ నీళ్లు ఏ వాగు నుంచి వచ్చినయో మత్తడికి పనిలేదు. భయం, దుఃఖం, సిగ్గు, నిద్రలేమి, ఏది ఎక్కువైనా కొందరికి కండ్లల్ల నుంచి పోతది, కొందరికి నవ్వుల పోతది. ఒకే మనిషికి ఒకసారి ఇట్ల, ఒకసారి అట్ల.

ఇది కొత్త రోగం కూడ కాదు. భరతముని నాట్యశాస్త్రంల నవ్వును ఆరు రకాలు చేసిండు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. అపహసితం అంటే ఏం చెప్పిండు? సమయం కాని చోట వచ్చేది, కండ్ల నీళ్లతోని, భుజాలు తల ఊగిపోతుంటే వచ్చేది. ఎంత చక్కగ చూసిండు! కాని దాన్ని అధమ పాత్రలకు ఇచ్చిండు. ఆ ఒక్క ముచ్చట నేనొప్పుకోను. ఉత్తములకు కూడ వస్తది. కాని ఆ వరుస మనకు పనికొస్తది, ఎందుకంటే మొదటి రెండు మెట్ల మీద, అంటే పెదవులు, చెంపలు మాత్రమే కదులుతున్నప్పుడు పట్టుకుంటే పట్టుబడతది. భుజాలు ఊగినంక పట్టుబడదు. అప్పుడు లేచి బయటికి పోవుడే.

అసలు ఎట్ల పట్టుకోవాలె? ఎక్కువమంది చేసేది ఏంది? ఊపిరి బిగబడతరు. పెదవులు గట్టిగ మూస్తరు. ఇదే అన్నిటికన్న పెద్ద తప్పు. లోపల డయాఫ్రం కొట్టుకుంటూనే ఉంటది, గాలికి తొవ్వ లేదు. పది సెకన్లైతది, ఇగ ఆగదు, ముక్కుల నుంచి 'ఫుర్'మని వస్తది. ఆ చప్పుడు మామూలు నవ్వుకన్న ఎక్కువ వినపడతది, పక్కోళ్లకు అంటుకుంటది. రెండో తప్పు, గుండె నిండ ఊపిరి తీసుకునుడు. అందరు చెప్తరు కదా, గట్టిగ ఊపిరి తీసుకో అని. నవ్వంటేనే గాలి బయటికి కొట్టుడు. మీరు దానికి గాలి నింపి ఇస్తున్నరు.

కాబట్టి ముందు వదలాలె. ఇప్పుడే చేద్దాం, రాసుకోకండి అమ్మా, పెన్ను పక్కన పెట్టి చేయండి. పెదవులు జొన్నగింజ పట్టేంత తెరవండి. చప్పుడు లేకుండ, ఆరు లెక్కపెట్టేదాక గాలి వదులుతనే ఉండండి. పొట్ట లోపలికి పోవాలె. ఖాళీ అయినంక ఒక్క లెక్క ఆగండి. ఇప్పుడు ముక్కుతోని మూడు లెక్కపెట్టేంత మాత్రమే తీసుకోండి, సగం చాలు. మళ్ల ఆరు వదలండి. ఒక చుట్టు పది సెకన్లు. నాలుగు చుట్లు చేయాలె, నలభై సెకన్లు. ఖాళీ ఊపిరితిత్తుల మీద నవ్వుకు ముక్కలు చేసుకోవడానికి ఏం దొరకదు. నిదానంగ వదిలినప్పుడు గుండె కూడ నెమ్మదిస్తది. ఇంకొక మాట, ఒక చుట్టుకే నవ్వు ఆగిందని మానేయకండి. నవ్వు అలలు అలలుగ వస్తది. రెండో అల వచ్చేసరికి మీరు మూడో చుట్టుల ఉండాలె.

ఎప్పుడు మొదలుపెట్టాలె? కంటి కింద చెంప పైకి గుంజినట్టు అనిపిస్తది. బొడ్డుకు పైన ఏదో కదిలినట్టు ఉంటది. ముక్కుల ఊపిరి పొట్టిగైతది. ఆ క్షణం. "చూద్దాం, ఆగుతదేమో" అనుకుంటే మూడు సెకన్లు పోతయి. ఆ మూడు సెకన్లే విలువైనవి.

దాంతో పాటే నాలుక కొసను పైపళ్ల వెనక అంగిట్ల ఆనించండి, కింది దవడ వదులు చేయండి. పెదవులు మూసినా పళ్లు ఒకదానికొకటి తగలొద్దు. దవడ బిగిస్తే చెంపలు కూడ బిగుస్తయి, నవ్వు ఆపుకుంటున్నట్టు స్పష్టంగ కనపడతది. పెదవి కొరుక్కోకండి. పుండైతది, నవ్వు ఆగదు. చూపు? ముందట నాలుగైదు ఫీట్ల దూరంల నేల మీద పెట్టండి. బండ అంచో, చాప అంచో. కండ్లు మూయొద్దు, మూస్తే నవ్వు తెప్పించిన ఆ ముచ్చటే మళ్ల లోపల కనపడతది. అన్నిటికన్న ముఖ్యం, అవతల మీ బావమరిదో చెల్లెలో కూడ నవ్వు ఆపుకుంటున్నరా అని చూడొద్దు. ఒక్క చూపు చాలు, ఇద్దరు పోతరు. ఒక్కరే ఉన్నప్పటికన్న నలుగురిల ఉన్నప్పుడు మనిషి ముప్పై రెట్లు ఎక్కువ నవ్వుతడని ప్రొవైన్ లెక్క.

మనసుకు ఏం పని ఇయ్యాలె? "నవ్వొద్దు నవ్వొద్దు" అనుకోవద్దు. 1987ల వెగ్నర్ అనే ఆయన విద్యార్థులను కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించకండి, గుర్తొస్తే గంట కొట్టండి అన్నడు. నిమిషానికి ఒకసారికన్న ఎక్కువే గంట మోగింది. వద్దన్నది గుర్తుకొస్తనే ఉంటది. అందుకని వేరే పని ఇయ్యండి. వందల నుంచి ఏడు ఏడు తీసేసుకుంట పోండి. 93, 86, 79, 72. లెక్కలంటే పడకపోతే తెలుగు నెలలు వెనక నుంచి చదవండి, ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం. రెండో ఎక్కం చదివితే పనిచేయదు. అది నోటికొచ్చు కాబట్టి మెదడు ఖాళీగనే ఉంటది. కొందరు చెప్తరు, సొంతోళ్ల చావు తలుచుకుంటే నవ్వు ఆగుతదని. నేను వద్దంట. లోపల పొంగు ఇంకా పెరుగుతది, అది ఏడుపుల పోతదో నవ్వుల పోతదో మన చేతిల లేదు.

రెండు చుట్లైనా భుజాలు ఊగుతున్నయంటే, లేవాలె. తల వంచుకొని, మగవాళ్లైతే కండువానో తువ్వాలనో, ఆడవాళ్లు కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని, ఉరకకుండ నడవండి. బయట చల్లటి నీళ్లతోని మొఖం కడుక్కోండి, రెండు బుక్కలు తాగండి, మూడు నిమిషాలు ఆగండి. మళ్ల లోపలికి రాండి. ఇది చాలమంది మర్చిపోతరు. రాకపోతే, నవ్వుకుంట పోయిండు, ఇగ రాలే అంటరు. వచ్చి వేరే చోట కూర్చోండి. ఇద్దరికి కలిసి నవ్వొస్తే ఇద్దరు కలిసి బయటికి పోవద్దు. గోడ వెనక ఇద్దరు నవ్వుకునే చప్పుడు లోపలికి వినపడతది, అది చాల నొప్పిచ్చే ముచ్చట.

ముందే చేసుకోగలిగినవి కూడ ఉన్నయి. రాగం తీసి ఏడ్చేటప్పుడు ఎవరో ఒకరు ఒక మాట అంటరు, అది అప్పటి బాధల వచ్చిన మాట, కాని వినేటోళ్లకు వింతగ తగులుతది. ఎవరిదో ఫోను పెండ్లిపాటతోని మోగుతది. ఇవి జరుగుతయి, మీరు ఆపలేరు. కాని ఎవరికి ఎదురుగ కూర్చోవాలె అన్నది మీ చేతిల ఉన్నది. ఈడువాళ్ల గుంపుల కాకుండ పెద్దమనిషి పక్కన కూర్చోండి. చేతికి పని తీసుకోండి, నీళ్లు ఇచ్చుడు, కుర్చీలు ఏసుడు. తెల్లార్లు మేలుకొని, ఏం తినకుండ ఉన్నప్పుడు ఎవరికైనా పట్టు తప్పుతది, కాబట్టి గంటసేపన్న పండుకొని, ఏదన్న తిని పోండి. మొదటిసారి భయమున్నోళ్లు పావుగంట ఉండి రాండి, చాలు.

ఇక మాట. ఇది నాకు ఊపిరికన్న ముఖ్యమనిపిస్తది. మన ఆడవాళ్లు పాటల్ల పాడుకునే లక్ష్మణుని నవ్వు కథ మీకు తెలుసు కదా? పట్టాభిషేకం సభల లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్విండు. సుగ్రీవుడు అన్నను చంపించిన నన్ను చూసి అనుకున్నడు. విభీషణుడు అన్నను విడిచివచ్చిన నన్ను చూసి అనుకున్నడు. ఆఖరికి రాముడు కూడ, సీత లంకల ఉండొచ్చిందని నవ్విండేమో అని కోపం తెచ్చుకున్నడు. అసలు సంగతేంది? పద్నాలుగేండ్లు రాకుండ ఉంటనన్న నిద్రాదేవి గడువు తీరి అప్పుడే వచ్చింది. అందుకు నవ్విండు. చూడండి, నవ్వినోడు ఒక్కడు, గాయపడ్డది సభ మొత్తం. ఎవరి మనసుల ఏ పుండు ఉంటే ఆ పుండుకు తగిలింది. మీ నవ్వు చూసినోళ్లు కూడ అంతే. కొడుకు పోయిన తల్లి ఏమనుకుంటది? నా కొడుకు చావు వీనికి ఆట అనుకుంటది. మీరు చెప్పకపోతే ఆమె అదే నమ్ముకొని ఉంటది, ఏండ్లకేండ్లు.

కాబట్టి చెప్పాలె. ఎప్పుడు? నవ్వు పూర్తిగ ఆగినంక, అదే రోజు, పక్కకు పోయి, ఒక్కరికే. ఎంత? రెండు మాటలు. "అత్తమ్మా, నాకు మనసు కలత పడితే నవ్వొస్తది, ఆపుకోలేకపోయిన. నీ బాధకు నవ్వలేదు, నన్ను మన్నించు." అంతే, ఆగండి. చెయ్యి పట్టుకోవచ్చనిపిస్తే పట్టుకోండి. ఎక్కడ తప్పుతది? నవ్వుకుంటనే చెప్పబోతరు, ఇంకా అధ్వాన్నమైతది. పావుగంట సంజాయిషీ ఇస్తరు, అప్పుడు ఆమె తన దుఃఖం విడిచిపెట్టి మిమ్ముల ఓదార్చాల్సి వస్తది. ఇంకొకరి మీద పెడతరు, "వాడు నవ్వించిండు" అని. వద్దు. ఆమె కోపంగ ఉంటే కోపంగనే ఉండనియ్యండి, వెంటనే క్షమించాలని కూర్చోవద్దు. పదకొండో రోజు మళ్ల పోండి.

వైవా, ఇంటర్వ్యూ, పోలీస్ స్టేషన్, పై ఆఫీసర్ దగ్గర అయితే ముందే చెప్పవచ్చు. "సార్, నాకు టెన్షన్ పడితే నవ్వుమొఖం అయితది, అగౌరవం కాదు." ముందు చెప్తే నవ్వు సగం తగ్గుతది కూడ. ఎందుకు? దాచిపెట్టే బరువు పోతది కాబట్టి. నర్సింగ్ పిల్లలు, మీరు వార్డుల ఉన్నప్పుడు నవ్వొస్తే ట్రే పట్టుకొని వెనక్కి తిరగండి, ఊపిరి వదలండి, "ఒక్క నిమిషంల వస్త" అని చెప్పి డ్యూటీ గదికి పోండి. మీ సీనియర్‌కు చెప్పండి. మొదటి చావు చూసిన రోజు నవ్వొచ్చిందని చెప్పుకునే జాగ మీకు ఉండాలె.

టీచర్లతోని కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలె, ఓపిక పట్టండి. పిల్లవాణ్ణి తిడుతున్నరు. వాడు చిన్నగ నవ్వుతున్నడు. మీకు ఏమనిపిస్తది? పొగరు. "ఎందుకు నవ్వుతున్నవ్‌రా?" అంటరు. వాడికి నవ్వు ఇంకా పెరుగుతది. దెబ్బ పడతది. నిజానికి ఆ చిన్న నవ్వు చాలసార్లు లొంగిపోయిన గుర్తు. తనకన్న పెద్దోళ్ల కోపం చల్లార్చడానికి శరీరం తనంతట తాను తెచ్చుకునే మొఖం అది. కంటి కొసలు చూడండి. సంతోషపు నవ్వుల కంటి చుట్టూ ఉన్న కండరం ముడుచుకుంటది, 1862లనే డ్యూషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ సంగతి రాసిండు. భయపు నవ్వుల మూతి మాత్రమే గుంజుకుంటది, కండ్లు బెదిరినట్టే ఉంటయి, భుజాలు పైకి లేస్తయి, చేతులు చొక్కా అంచు నలుపుతుంటయి. ఇది తప్పకుండ పనిచేసే పరీక్ష అని చెప్పను, కాని కొట్టే ముందు ఆ కండ్లు ఒక్కసారి చూడండి.

మరి ఏం చేయాలె? క్లాసు ముందట నిలబెట్టి అడగొద్దు. అడిగేది ఆపండి, ఒక పని చెప్పండి. "పోయి బోర్డు తుడువు", "స్టాఫ్ రూంల నా పుస్తకం తీస్కరా." రెండు నిమిషాల నడక సరిపోతది. తర్వాత పక్కకు పిలిచి, పక్కపక్కన నిలబడి, మొఖం మీద మొఖం పెట్టకుండ, తక్కువ గొంతుతోని మాట్లాడండి. తప్పుకు శిక్ష ఉంటే ఉండనియ్యండి, నవ్వుకు మాత్రం శిక్ష వద్దు. క్లాసు మొత్తం నవ్వు అంటుకున్నప్పుడు కూడ అంతే. 1962ల ఇప్పటి టాంజానియాల కషాషా అనే ఊర్లె ఆడపిల్లల హాస్టల్ బడిల నవ్వు అంటుకుంది. 159 మందిల 95 మందికి. ఆఖరికి బడి మూసేసిన్రు. అది సంతోషం కాదు, పిల్లల మీద ఉన్న ఒత్తిడి అట్ల బయటపడ్డది. మన గురుకులాల్ల పిల్లలు ఇట్ల నవ్వుడో ఏడ్చుడో మొదలుపెడితే గాలి సోకింది, దయ్యం పట్టింది అనొద్దు, గుంపుగ చూడనియ్యొద్దు. ఇద్దరిద్దరిని వేరు చేసి, నీళ్లిచ్చి, నిద్ర, తిండి, పరీక్షల భయం, ఎవరన్న బెదిరిస్తున్నరా, ఇవన్నీ అడగాలె.

మౌనం పాటించేటప్పుడు ఒక చిన్న ఉపాయం. చప్పుడు లేకపోవుడు, కదలొద్దనుడు, భుజానికి భుజం తగిలేటట్టు నిలబడుడు, ఈ మూడు కలిసే నవ్వు తెస్తయి. పిల్లల నడుమ చేతి దూరం పెట్టండి. ఎవరి కోసం నిలబడుతున్నమో ముందు ఒక్క నిమిషం చెప్పండి. చిన్న క్లాసులకు రెండు నిమిషాలు వద్దు, ముప్పై సెకన్లు చాలు.

అలవాటైపోయిన నవ్వుమొఖం ఉన్నోళ్లకు సాధన కావాలె. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నవ్వు వచ్చిన ప్రతిసారి నాలుగు ముచ్చట్లు రాయండి. ఎక్కడ, ఎవరున్నరు, దానికి సరిగ్గ ముందు ఏమైంది, నవ్వు ఎంత గట్టిగ వచ్చిందో సున్నా నుంచి పదిల ఒక అంకె. రెండు వారాలు రాస్తే మీకే కనపడతది, మీది చావు నవ్వా, తిట్ల నవ్వా, ఒక మనిషి ముందు వచ్చే నవ్వా అని. తర్వాత రోజూ పది నిమిషాలు. చెంపలు అయిదు సెకన్లు గట్టిగ బిగించి, పది సెకన్లు వదిలేయండి, అయిదుసార్లు. అప్పుడు ఊపిరి చుట్లు. తర్వాత ఇంట్లోళ్లను ఒక చెడువార్త గట్టిగ చదవమనండి, పేపర్ల ప్రమాదం వార్తో ఏదో. మీరు వినుకుంట ఊపిరి నడపాలె. నవ్వు అంకె మూడుకు దిగినంక, మిమ్ముల తిట్టమనండి. అది కూడ దిగినంక, నిజంగనే ఒక ఇంటికి పరామర్శకు పోండి. చావు ఇంటితోనే మొదలుపెడితే ఓడిపోయి సాధన విడిచిపెడతరు. వారాలు పడతది. నవ్వు పూర్తిగ పోదు, పట్టు దొరుకుతది.

ఇప్పుడు, రోగం ఎప్పుడు? కొన్ని చోట్ల ఈ ఉపాయాలతోని కాలయాపన చేయొద్దు. పెద్దవయసుల ఎన్నడు లేనిది కొత్తగ మొదలైతే, లోపల సంతోషం గాని దుఃఖం గాని లేకుండనే నవ్వో ఏడుపో వచ్చి కొన్ని సెకన్లో నిమిషాలో ఆగకపోతే, అది సూడోబల్బార్ అఫెక్ట్ కావచ్చు. పక్షవాతం తర్వాత, తలకు దెబ్బ తగిలినంక, మోటార్ న్యూరాన్ వ్యాధిల, పార్కిన్‌సన్స్‌ల వస్తది. దీనికి మందులున్నయి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులే తక్కువ మోతాదుల బాగ పనిచేస్తయి. 2010ల అమెరికాల దీనికోసమే ఒక జంట మందును కూడ ఆమోదించిన్రు. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యో కాలో పడిపోవుడు ఉంటే ఇగ ఆలోచన లేదు, 108కు ఫోన్ చేయండి. పక్షవాతంల మెదడు రక్తనాళానికి అడ్డం పడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

చిన్నపిల్లలు ఏ కారణం లేకుండ, ఒకే తీరుగ, రోజుకు చాలసార్లు, నిమిషంలోపు నవ్వి ఆగిపోతుంటే, నవ్వేటప్పుడు పిలిస్తే పలకకపోతే, నిద్రల లేచి నవ్వుతుంటే, అది నవ్వు రూపంల వచ్చే మూర్ఛ కావచ్చు. జెలాస్టిక్ సీజర్స్ అంటరు. మెదడు అడుగున హైపోథాలమస్ దగ్గర పుట్టుకతోనే ఉన్న చిన్న గడ్డతోని రావచ్చు, అది క్యాన్సర్ కాదు. ఫోన్ల వీడియో తీసి న్యూరాలజీ డాక్టర్‌కు చూపించండి, మాటల కన్న ఆ వీడియో ఎక్కువ చెప్తది. ఈఈజీ, అంటే మెదడు కరెంటును చూసే పరీక్ష, మంచిగ వచ్చిందని ఊరుకోవద్దు, ఎంఆర్ఐ అడగండి. ఆటిజం ఉన్న పిల్లలు చెవినొప్పికి, చప్పుళ్లకు కూడ నవ్వవచ్చు, కాబట్టి నొప్పి ఎక్కడన్న ఉందా చూడండి. యువకులు ఒక్కరే కూర్చొని వారాల తరబడి తమల తాము మాట్లాడుకుంట నవ్వుతుంటే, నిద్ర తగ్గితే, మనుషుల మీద అనుమానం పెరిగితే, తిట్టకుండ మానసిక వైద్యుని దగ్గరికి తీసుకుపోండి. ఎక్కడికి పోవాలో తెల్వకపోతే మానసిక సాయం కోసం సర్కారు పెట్టిన ఫోను టెలీ మానస్, నంబర్ 14416, రాత్రి పగలు తెలుగుల మాట్లాడతరు, పైసలు పడవు.

చీటీలు వచ్చినయి. టైం అయిపోతుంది, ఒక్కటే తీసుకుంట. "మా నాయినకు పక్షవాతం వచ్చినంక, అన్నం తినేటప్పుడు నవ్వొస్తది, మాకు కూడ నవ్వొస్తది, తర్వాత ఆయన ఏడుస్తడు. ఏం చేయాలె?" మంచి ప్రశ్న అమ్మా. మీరు ఆయనతోని కలిసి నవ్వొద్దు, "ఎందుకు నవ్వుతున్నవ్" అని అడగొద్దు, మొఖం తిప్పుకోవద్దు. మాట్లాడుతున్న ముచ్చట అట్లనే కొనసాగించండి. ఆయనను కొంచెం ముందుకు జరిపి కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యేసి, "నాయినా, గాలి వదులు" అని మీరు కూడ వదిలి చూపించండి. చూడడానికి వచ్చేటోళ్లకు వాకిట్లనే చెప్పండి, నవ్వొస్తే పట్టించుకోకండి, జబ్బుతోని వస్తుంది, మీ మాట ఆయనకు అర్థమైతది అని. ఈ నెలలనే డాక్టర్‌కు చెప్పండి, మందు ఉందని ఇప్పుడే చెప్పిన కదా. ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. నవ్వు వస్తున్నప్పుడు నోట్ల ముద్ద పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. నోట్ల ముద్ద ఉంటే తల ముందుకు వంచి బయటికి తీయించండి. నవ్వు ఆగి రెండు నిమిషాలైనంక, నిటారుగ కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి పెట్టించి, చిన్న చిన్న ముద్దలు పెట్టండి. తిన్నంక అరగంట పండబెట్టకండి.